తుపానులు – పెంపుడు పక్షులు – ముందు జాగ్రత్తలు

తూర్పుతీరపు జిల్లాల వారికి కార్తీకమాసం అనగానే దీపాలతోపాటు గాలివాన కూడ జ్ఞప్తికి వస్తుంది. బంగాళాఖాతంలో తుపానులు ఏప్రిల్, మే నెలలలో ఒకమారు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొకమారు తలెత్తుతాయి. ఈ రెండవ కాలమే మన తీరానికి గడ్డుకాలం. అరబ్బీ ‘తూఫాన్’ ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగింటికి వచ్చి ‘తుపాను’ అయినది. మన పల్లెల పాత వాడుక ‘గాలివాన’. కావున మన కళాశాలలో ఉర్దూ చదివేవారును, తెలుగు చదివేవారును ఒకే మాట విని భయపడుచున్నారన్నమాట!

ఈ వ్యాసశీర్షిక కొందరికి నవ్వు తెప్పించవచ్చును. మనుషులకే నిలువనీడ దొరకని వేళ పిట్టల ముచ్చట ఏమిటని అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. అయితే పక్షి పంజరంలో ఉన్న ఇంటిలో ఒక మనిషి కూడ ఉంటాడు. పక్షిని విడిచి రాలేక ఆ మనిషి ఇల్లు కదలకపోతే, అది పక్షి సమస్యగా మిగలదు. 2005 ఆగస్టులో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కట్రీనా తుపాను ముంచెత్తినపుడు, ఊరు ఖాళీ చేయవలసినదిగా ఆజ్ఞ వచ్చినను అనేకులు కదలలేదు. అందుకు గల కారణాలలో పెంపుడు జంతువులను విడువలేకపోవుట ఒకటి. ఆశ్రయ కేంద్రాలలోకి వాటిని రానీయలేదు. ఆ అనుభవం పిమ్మట 2006 లో ఆ దేశం ఒక శాసనం చేసి, ప్రజలను తరలించే ప్రణాళికలలోనే పెంపుడు జంతువులకు కూడ ఏర్పాటు ఉండవలెనని నిర్ణయించింది. అది సంపన్నదేశపు విలాసం అనుకొనుట పొరపాటు. పది కోళ్లే ఆస్తిగా గల ముసలమ్మ వాటిని విడిచి రాననుటలో విలాసం ఏమున్నది?

మన ప్రాంతపు చరిత్రనే చూడండి. 1977 నవంబరు 19 న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి పల్లెలపై పడినది. అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది అసువులు బాసినారు. పశుపక్ష్యాదుల నష్టానికి హద్దు లేదు. 2014 అక్టోబరు 12 న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నగరపు చెట్లను వేలకొలదిగా కూల్చివేసి, వాటిపై గూళ్లు కట్టుకున్న పక్షులను నిలువనీడ లేకుండా చేసినది. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చినది. హుద్‌హుద్ అనగా తలపై తురాయి గల ఒక పక్షి. పక్షి పేరు గల తుపానే పక్షులకు గూడు లేకుండా చేయుట చిత్రమే. మరియు 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగంగల గాలులతో బాపట్లకు దక్షిణంగా తీరం దాటినది. బాపట్ల మనకు ఎంత దూరం?

మంగళగిరికి ఉప్పెన రాదు. సముద్రం మనకు దూరమే. మన ప్రమాదం వేరు. గాలికి లేచిపోయే రేకులు, పెంకులు, విరిగిపడే కొమ్మలు, రోజుల తరబడి లేని కరెంటు, పల్లపు వీధులలో నిలిచే నీరు, ఇవి మన శత్రువులు. గుంటమగ్గం గల నేతపనివారి ఇండ్లలో మొదట నిండేది మగ్గపు గుంటయే. ఆ గదిలోనే వసారావైపు పిట్టల పంజరం వ్రేలాడుచుండుట మన పట్టణంలో అరుదు కాదు. అయితే మన విద్యార్థులలో నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల వైపు నుండి వచ్చేవారు ఉన్నారు. వారి ఇండ్లకు ఉప్పెన భయం కూడ కలదు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో తుపాను లేకుండగనే, కేవలం అతివృష్టి వలన బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినవి. అపుడే ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినది. పై అంతస్తులలో చిక్కుకొన్న వారిని పడవలలో తీసుకొని రావలసివచ్చినది. పడవలోకి మనిషి ఎక్కగలడు. అడుగున్నర వెడల్పు ఇనుప పంజరం ఎక్కుట కష్టం. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకొనవలెను. దీనిని గురించి మరల చెప్పెదను.

పక్షిని కాపాడవలెనన్న దాని శరీరాన్ని కొంత తెలిసికొనవలెను. పక్షి దేహపు వేడి మనకంటె ఎక్కువ, సుమారు 41 డిగ్రీలు. ఆ వేడిని నిలుపుకొనుటకు అది తరచుగా తినవలెను. బడ్జీ అని మనవారు పిలిచే చిన్న ఆస్ట్రేలియా చిలుక బరువు 30, 40 గ్రాములకు మించదు. ఒకటి రెండు రోజులు పస్తున్నచో దాని ప్రాణానికే ముప్పు. ఈకలు పొడిగా ఉన్నంతవరకు అవి దుప్పటివలె వేడిని కాపాడుతాయి; నిలువునా తడిసినచో ఆ దుప్పటియే చలిమూట అవుతుంది. కావున తుపానులో పిట్టలను చంపేది తరచుగా గాలి కాదు, తడి. ఇక శ్వాస విషయం. పక్షికి మనవలె ఉదరవితానం లేదు. ఊపిరితిత్తులతోపాటు గాలితిత్తులు ఉండి, రొమ్ము ఎముక ముందు వెనుకలకు కదులుట వలననే శ్వాస నడుస్తుంది. భయంతో పిట్టను పిడికిట గట్టిగా పట్టినచో అది ఊపిరాడక పోతుంది. మెడను రెండు వ్రేళ్లమధ్య ఉంచి, రొమ్మును నొక్కకుండ, రెక్కలను మాత్రమే అరచేతిలో ఒదిగించి పట్టవలెను.

ఈ శ్వాసావయవాలు గాలిలోని విషాన్ని కూడ మనకంటె ముందుగా పట్టుకుంటాయి. ఇంగ్లండులోని బొగ్గుగనులలో 1986 వరకు కానరీ పిట్టలను దించుట ఇందుకే. విషవాయువుకు మనిషికంటె ముందు పిట్ట సొమ్మసిల్లేది. మన ఇండ్లలో కరెంటు పోయిన రాత్రి ఏమి చేస్తాము? తలుపులు, కిటికీలు బిగించి, కిరసనాయిలు దీపం వెలిగించి, దోమల చుట్ట ముట్టించి, ఆ మూలనే పంజరం పెడతాము. గాలివానను తప్పించుకొన్న పిట్ట పొగకు బలి అవుతుంది. పొగరాని బ్యాటరీ దీపం వాడుట మేలు. పొయ్యి వెలిగించే గదిలో పక్షులను ఉంచరాదు. మాడిన నాన్‌స్టిక్ పెనం నుండి వెలువడే ఆవిరి పిట్టలకు ప్రాణాంతకమని కూడ గృహిణులు గమనింతురు గాక. జనరేటరును వసారాలో నడుపుట పక్షులకే కాదు, మనుషులకు కూడ మృత్యువే.

ఇక సన్నాహం. తుపాను వార్త వచ్చిన పిదప చేయుటకు వీలులేని పనులు కొన్ని కలవు. వాటిని దసరా సెలవులలోనే ముగించుట మంచిది. కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేయించుట వానిలో మొదటిది. తడి, చలి, గుంపులో ఇరుకు, ఈ మూడును కలిసినపుడే ఆ తెగులు చెలరేగుతుంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, తరువాత ఆరు మొదలు ఎనిమిది వారాల వయసులో రెండవ టీకా పశువైద్యశాలలో వేస్తారు. టీకా వేసిన మరునాడే రక్షణ రాదు. అందుకు వారాలు పడుతుంది. కావున వాయుగుండం వార్త విని పరుగెత్తి ప్రయోజనం లేదు.

రెండవది ప్రయాణపు పెట్టె. బడ్జీలకు, లవ్‌బర్డ్స్‌కు చెప్పుల అట్టపెట్టె అంతటి గట్టి పెట్టెకు పెన్సిలు దూరేంత కన్నాలు రెండు వరుసలు పొడిచి, అడుగున పాత గుడ్డ పరచినచో చాలును. పావురాలకు మూతగల వెదురుబుట్ట, కోళ్లకు గంప. పెట్టె చిన్నదిగా, చీకటిగా ఉండుట పక్షికి బాధ కాదు, నెమ్మది. విశాలమైన పంజరంలో రెక్కలు కొట్టుకొని ఈకలు విరుచుకొనే పిట్ట, చీకటి పెట్టెలో కదలక కూర్చుంటుంది. పడవలోకి ఎక్కేది ఈ పెట్టెయే. నెలకొకమారు ఆ పెట్టెలో గింజలు వేసి, పక్షి తానై లోనికి పోవుట అలవాటు చేయండి. ఆ గడియలో వెంటపడి పట్టుకొనవలసిన అగత్యం తప్పుతుంది.

మూడవది మేత. లెక్క కట్టి చూచిన భయపడవలసినది ఏమియు లేదు. బడ్జీకి రోజుకు సుమారు రెండు చెంచాల కొర్రలు సరిపోతాయి. జంటకు వారానికి పావుకిలో ఎక్కువే. పావురానికి రోజుకు 30 గ్రాముల చొప్పున పది పావురాలకు వారానికి రెండు కిలోలు మించి కొంచెం. పెద్దకోడికి 110 గ్రాముల చొప్పున అయిదు కోళ్లకు నాలుగు కిలోల లోపు. ఈ గింజలను మూతగట్టి డబ్బాలో పోసి, ఎత్తయిన చోట ఉంచవలెను. కాచి చల్లార్చిన నీరు సీసాలలో విడిగా ఉండవలెను. వరద కలిసిన కుళాయినీరు మనకు పనికిరానిది పక్షికి మాత్రం ఎట్లు పనికివచ్చును?

వాతావరణ శాఖ తుపాను గురించి నాలుగు దశలలో తెలుపుతుంది. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటుటకు 12 గంటల ముందు దాటిన పిమ్మటి పరిస్థితిపై అంచనా. ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలు ఓడల కొరకు. వాటిని చూచి ఇంటి నిర్ణయాలు చేయనక్కరలేదు. తొలి సూచన రాగానే మేడమీది పావురాల గూటిని, ఉర్దూలో ‘కాబుక్’ అంటామే దానిని, మేకులు, తీగలతో బిగించి చూడవలెను. బిగియదని తోచినచో పక్షులను క్రిందికి తేవలసినదే. అప్రమత్తత నాటికి పంజరాలన్నీ వసారాల నుండి లోపలి గదికి చేరవలెను. హెచ్చరిక నాటికి ఊరు విడువవలసినవారు వెలుతురు ఉండగానే, పక్షులతోసహా విడువవలెను. రాత్రి రెండు గంటలకు నీటిలో నడుస్తూ గంప మోయుట ఎవరివల్లను కాదు.

పక్షులు తుపానును ముందుగా పసికడతాయని పెద్దలు చెప్పుట కలదు. అందులో సత్యం లేకపోలేదు. గాలి ఒత్తిడి తగ్గుటను, మన చెవికి అందని మంద్రధ్వనులను పావురాలు గ్రహింపగలవని శాస్త్రజ్ఞులు తేల్చినారు. 2014 ఏప్రిల్‌లో అమెరికాలో కొన్ని చిన్నపిట్టలు సుడిగాలులు రాకముందే తమ తావు విడిచిపోయినట్లు వాటికి కట్టిన పరికరాల ద్వారా తెలిసినది. అయితే పంజరంలోని పిట్ట కలవరపడుటకు పిల్లి కూడ కారణం కావచ్చును. మన పొరుగున తాడేపల్లిలోనే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఉండగా, పిట్ట చెప్పలేదని కూర్చుండుట తెలివి కాదు.

పంజరం ఏ గోడవైపు పెట్టవలెను? చాలమంది గాలి వచ్చే దిక్కు చూచి, ఎదుటివైపు గదిని ఎన్నుకుంటారు. అది సగం జాగ్రత్తయే. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యదిశలో సుడి తిరుగుతుంది. తొలుత ఈశాన్యం నుండి కొట్టిన గాలి తుపాను సాగిపోయిన కొలది దిక్కు మారుతుంది. తుపాను కన్ను మీదుగా సాగిన ఊరిలో గాలి ఒక్కసారిగా ఆగిపోయి, ఆకాశం తెరిపి ఇచ్చి, కొంతసేపటికి సరిగా ఎదుటి దిక్కు నుండి అంతే బలంతో తిరిగి వస్తుంది. ఆ నడిమి నిశ్శబ్దం మోసకారి. వాన వెలిసినదని కోళ్లగూడు తెరచుటకు, పావురాలను చూచుటకు మేడ ఎక్కుట ఆ వేళలోనే జరుగుతుంది. కావున దిక్కులతో పనిలేని నడిమిల్లు, కిటికీలు లేని గది, నేల నుండి రెండడుగుల ఎత్తు, ఇదియే పంజరపు స్థానం. వ్రేలాడదీయరాదు. పైన పలుచని దుప్పటి కప్పి, గాలికి ఒకవైపు విడువవలెను. చిన్న దీపం ఒకటి వెలుగుచుండుట అవసరం. కటిక చీకటిలో ఉరుముకు బెదిరిన పిట్ట కమ్ములకు కొట్టుకొని రెక్క విరుచుకుంటుంది.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న: పంజరం తలుపు తెరచి వదిలివేయవచ్చునా? జాలితో చాలమంది చేసేది ఇదే. పశువుల విషయంలో తాడు విప్పుట సరియైనదని దివిసీమ నేర్పినది. కట్టుగొయ్యకు కట్టిన పశువు ఈదలేదు. పక్షులకు మాత్రం ఒకే నియమం లేదు. నాటుకోడి మన ఊరి ప్రాణి, చెట్టెక్కగలదు, గోడెక్కగలదు. వెంట తీసికొనిపోలేని పరిస్థితిలో గంప క్రింద మూసి పోవుటకంటె విడిచిపోవుటయే దయ. పందెం కోసం కాలికి త్రాడు కట్టి పెంచే పుంజులది మరింత దయనీయం. పందెములు చట్టవిరుద్ధమను సంగతి అటుంచి, ఆ త్రాడైనా విప్పవలెను. పావురం సంగతి వేరు. దానిని విడిచినచో అది తన గూటికే తిరిగి వస్తుంది. గూడు ఎగిరిపోయినను అచ్చటనే చుట్టు తిరుగుతుంది. గాలిలో దానిని విడువరాదు. ఇక బడ్జీ, కాకటీల్ వంటివి మన నేలవి కావు. పంజరంలో పుట్టి, మేత వెదకుట తెలియనివి. వాటిని విడుచుట స్వేచ్ఛ ఇచ్చుట కాదు. వాటిని వెంట తీసికొని పోవలసినదే. అందుకే ఆ చిన్న పెట్టె.

రామచిలుకల గురించి వేరుగా చెప్పవలసి ఉన్నది. మన దేశపు రామచిలుకను, జీనువాయి పిట్టలను పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినను చాల ఇండ్లలో అవి ఉన్నవి. తత్ఫలితంగా తుపాను వచ్చినపుడు ఆ యజమాని చిలుకతో బయటకు రావుటకు జంకుతాడు, ఇంటనే దాగుతాడు. ఇది రెండింతల ప్రమాదం. తుపాను కాలం రాకముందే చిలుకను అటవీశాఖకు అప్పగించుట ఒక్కటే మార్గం. పసితనం నుండి పెంచినదని ఇంటిలోని పిల్లలు ఏడ్వవచ్చును. ఏడ్చినను, నీళ్లు చుట్టుముట్టిన ఇంటిలో ఆ చిలుక కొరకు తాత ఒక్కడే ఉండిపోవుటకంటె అది నయం.

గాలివాన వెలిసిన పిమ్మట పని పూర్తి అయినదని భావింపరాదు. ముందుగా పక్షులను లెక్కించవలెను. సులైమాన్ ప్రవక్త తన పక్షుల సైన్యాన్ని పరికించి హుద్‌హుద్ ఒక్కటి లేదని గుర్తించిన కథ మనలో చాలమందికి చిన్ననాటి నుండి పరిచితమే. అంతటి రాజు ఒక్క పిట్ట లేమిని గమనించగా, పది కోళ్ల యజమాని గమనింపకపోవుట ఎట్లు? తడిసిన పిట్టను మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. గోరువెచ్చని నీటిసీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక ప్రక్క ఉంచవలెను; వేడి ఎక్కువైనచో పిట్ట రెండవ ప్రక్కకు జరుగుటకు చోటుండవలెను. నీరసించినదని ముక్కులో నీరు పోయరాదు, అది శ్వాసనాళంలోకి పోతుంది. ముక్కు చివర తడిపినచో తానే త్రాగుతుంది. విరిగిన ఈక నుండి రక్తం కారుచున్నచో గోధుమపిండి అద్ది, గుడ్డతో మృదువుగా కొంతసేపు నొక్కి ఉంచవలెను. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చును.

తడిసిన మేత విషయంలో పొదుపు పనికిరాదు. మిరప, పత్తి, వేరుశనగ రైతులకు బూజు అనగా తెలియనిది కాదు. 1960 లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణం తెలియకుండ చనిపోయినవి. విచారింపగా వాటికి పెట్టిన వేరుశనగ పిండిలోని బూజు నుండి పుట్టిన విషమే హేతువని తేలినది. అఫ్లటాక్సిన్ అను ఆ విషం అట్లు లోకానికి తెలిసినది. ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు. బూజుపట్టిన గింజలను పారవేయవలసినదే. చచ్చిన పక్షులను ఉత్తచేతులతో ముట్టుకొనరాదు, కాలువలో వేయరాదు. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలలో బర్డ్‌ఫ్లూ కనుగొనిన పిమ్మట ఈ మాటను తేలికగా తీసికొనరాదు.

చివరగా కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. విపత్తు వేళ పాఠశాలలు, కళాశాలలు ఆశ్రయ కేంద్రాలగుట మనకు తెలిసినదే. మన కళాశాల గదులలో కూడ జనం తలదాచుకొనే రోజు రావచ్చును. అపుడు గంపతో వచ్చిన వారిని గుమ్మం వద్ద ఆపవలసి వచ్చినచో వారు వెనుదిరిగి నీటిలోకే పోతారు. మనుషులు పరుండే గదులలో పక్షులను ఉంచుట ఆరోగ్యకరం కాదు. చిలుకజాతి పక్షుల రెట్ట ధూళి నుండి కొందరికి ఊపిరితిత్తుల జబ్బు రావచ్చును. కావున సైకిలు షెడ్డును గాని, వెనుకవైపు వరండాను గాని మూడు ప్రక్కల టార్పాలిన్ కట్టి కేటాయించవచ్చును. కోళ్లు ఒకచోట, పావురాలు ఒకచోట, చిన్నపిట్టలు వేరొకచోట, మధ్య కొంత ఎడం. ఒక ఇంటి పక్షులను మరొక ఇంటి వాటితో కలుపరాదు. ప్రతి పెట్టెపై ఇంటి పేరు, వీధి, పక్షుల సంఖ్య వ్రాసిన చీటీ అంటించవలెను. అదే చీటీ ప్రతి యజమాని చేతిలో ఉండవలెను. ఈ పనికి నలుగురు విద్యార్థులు చాలును. కావలసిన సామగ్రి రెండు టార్పాలిన్లు, ఒక సున్నపు బస్తా, చీపురు, సబ్బు, తాళ్లు, చీటీల పుస్తకం. అక్టోబరు మొదటి వారంలోగా వీనిని కొని స్టోరుగదిలో పై అరలో ఉంచినచో, తాళంచెవి కాపలాదారు వద్దనే ఉండునట్లు ఏర్పాటు చేయ ప్రార్థన.